రాస్ప్‌బెర్రీ లిక్యూర్: నాలుగు వారాలకే పండ్లు తెల్లబడ్డాయి, చివర్లో చేదు. పాడైనట్టేనా?

కొత్తసీసా
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. పెరట్లో రెండు రాస్ప్‌బెర్రీ పొదలు, ఒక బ్లాక్‌కరెంట్ పొద ఉన్నాయి. ఈసారి కాపు విరగకాసింది. జామ్ చేశాను, తెలిసినవాళ్లందరికీ పంచాను, అయినా మిగిలాయి. సరే, లిక్యూర్ (పండ్లు ఊరబెట్టిన తియ్యటి మందు) చేద్దామని దిగాను.

700 గ్రాముల రాస్ప్‌బెర్రీలు గాజు జాడీలో వేసి, 300 గ్రాముల పంచదార చల్లి, 750 మి.లీ. వోడ్కా (40 శాతం) పోశాను. రోజూ ఒకసారి ఊపుతున్నాను. ఇవాళ్టికి సరిగ్గా నాలుగు వారాలు. రంగు కెంపులా ఉంది, మూత తీస్తే గదంతా వాసన. కానీ పండ్లు పాలిపోయి, నానిన దూదిలా పైకి తేలాయి. చెంచాడు నోట్లో వేసుకుంటే ముందు తీపి, తర్వాత పండు, చివర్లో నాలుక వెనక పట్టేసే చేదు.

రెండో జాడీ బ్లాక్‌కరెంట్‌ది. అదింకా వింత. జాడీ వంచితే అడుగున ఒక ముద్ద వణుకుతోంది. జెల్లీ! నేనసలు పొయ్యి ముట్టించలేదు, మరి జెల్లీ ఎక్కణ్నుంచి వచ్చింది?

పాడైనట్టేనా? పారబోయడానికి ప్రాణం ఒప్పడం లేదు.

మడ్డితేట
పారబోయకండి. పాడవలేదు, ఆలస్యమైంది, అంతే.

పండు తెల్లబడడం మంచి గుర్తే. పండులో ఉన్న రంగు, వాసన వోడ్కాలోకి దిగిపోయాయి. ఇక దాని దగ్గర ఇవ్వడానికి మిగిలింది గింజల వగరు ఒక్కటే. రాస్ప్‌బెర్రీ గింజలు పేరుకి చిన్నవే కానీ జాడీ మొత్తం లెక్కపెడితే వేలు. మెత్తటి గుజ్జు పది పన్నెండు రోజుల్లో ఇవ్వాల్సింది చాలావరకు ఇచ్చేస్తుంది. ఆ తర్వాత గింజల వంతు మొదలవుతుంది. నేనైతే పదో రోజు నుంచి రోజు మార్చి రోజు రుచి చూస్తాను, వగరు తగిలిన రోజే వడకడతాను. పుస్తకంలో 'ఆరు వారాలు' అని ఉంటే ఉండనివ్వండి, మీ జాడీ ఆ పుస్తకం చదవలేదు.

ఇవాళే వడకట్టండి. గుడ్డలో వేసి పిండొద్దు. పిండితే చేదూ మడ్డీ రెండూ దిగుతాయి. జల్లెడలో వేసి రాత్రంతా దానంతటదే కారనివ్వండి. తర్వాత సీసాకెత్తి చీకట్లో రెండు నెలలు మర్చిపోండి. వగరు పూర్తిగా పోదు కానీ బాగా సర్దుకుంటుంది.

లెక్కలపుస్తకం
వడకట్టే ముందు ఒక లెక్క చూసుకోండి, ఎందుకంటే మీ సీసాలో ఉన్నది 40 శాతం కాదు.

750 మి.లీ. వోడ్కాలో అసలు ఆల్కహాల్ 300 మి.లీ. రాస్ప్‌బెర్రీలో 86 శాతం దాకా నీరే, అంటే 700 గ్రాముల్లో సుమారు 600 మి.లీ. నీళ్లు. 300 గ్రాముల పంచదార కరిగితే దాదాపు 185 మి.లీ. చోటు తీసుకుంటుంది. మొత్తం 1,535. అందులో 300 అంటే 20 శాతానికి కాస్త తక్కువే.

పండ్లని పులియబెట్టే ఈస్ట్ మామూలుగా 15 నుంచి 18 శాతం దాకా తట్టుకుంటుంది, అంతకి దిగితే జాడీ పులవొచ్చు. మీరు గట్టు మీద ఉన్నారు. పడలేదు, కానీ అంచు దగ్గరే. వడకట్టిన ప్రతి లీటరుకి ఇంకో పావు లీటరు 40 శాతం వోడ్కా కలపండి, 24 శాతం దగ్గరికి వస్తుంది. లేదంటే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వచ్చే ఏడాది లీటరు వోడ్కాకి అర కిలో పండ్లు, పావు కిలో పంచదార దాటకండి. అప్పుడు 25 దగ్గర నిలుస్తుంది.

ఇంకో మాట. పైకి తేలిన పండ్లు గాలిలో ఉన్నాయన్నమాట. బూజు వస్తే ముందు అక్కడే వస్తుంది. తెల్లటి నూగుగానీ, బుడగలుగానీ, పుల్లటి వాసనగానీ ఉందా?

కొత్తసీసా
మడ్డితేట గారూ, లెక్కలపుస్తకం గారూ, చాలా థాంక్స్. నూగు లేదు, బుడగలు లేవు. వాసన పండుదే. 20 శాతం అని చూసి నోరెళ్లబెట్టాను. పండ్లు ఎక్కువేస్తే రుచి ఎక్కువ అనుకున్నాను కానీ అవి నీళ్లు కూడా పోస్తున్నాయని తట్టలేదు.

బ్లాక్‌కరెంట్ జెల్లీ సంగతి?

పెరటిగాలి
అది పెక్టిన్. జామ్ గట్టిపడేది దానివల్లే. బ్లాక్‌కరెంట్‌లో అది దండిగా ఉంటుంది. పెక్టిన్ నీటిలో కరిగి ఉంటుంది, ఆల్కహాల్ తగిలితే ముద్ద కడుతుంది. జామ్ చేసేవాళ్లు దీన్నే పరీక్షగా వాడతారు: ఒక చెంచా పండ్ల రసంలో కొంచెం స్పిరిట్ పోసి కదిపి నిమిషం ఆగితే, పెక్టిన్ ఎక్కువున్న రసం ఒకే గడ్డగా పేరుకుంటుంది. తక్కువుంటే పోగులు పోగులుగా విడిపోతుంది. మీరు తెలియకుండా అదే పరీక్ష జాడీ నిండా చేశారు :)

ఏ ప్రమాదమూ లేదు. మెత్తగా ఉంటే జల్లెడ మీద వేసి ఓపిగ్గా కారనివ్వండి. కారిన దాన్ని వారం రోజులు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే మిగతాది అడుగున చేరుతుంది, పై తేటని సన్న గొట్టంతో లాగేయండి. కొంచెం మసకగా మిగిలినా రుచికి తేడా రాదు.

వచ్చేసారి పెక్టిన్‌ని విడగొట్టే పెక్టినేజ్ ఎంజైమ్ కొనండి, వైన్ సామాన్లు అమ్మేచోట పొడిగా దొరుకుతుంది. పండ్లు చిదిమి, ఎంజైమ్ కలిపి, కొన్ని గంటలాగి అప్పుడు స్పిరిట్ పోయాలి. వరస తప్పొద్దు. ముందే స్పిరిట్ పోస్తే ఎంజైమ్ అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. పండ్లని ఉడికించడమూ వద్దు, వేడికి పెక్టిన్ ఇంకా బయటికొస్తుంది.

జాడీలోలోకం
మీరందరూ ఒక్క పండు, ఒక్క జాడీ అంటూ కూర్చున్నారు. నేను పన్నెండేళ్లుగా చేసేది రమ్‌టాఫ్. జర్మనీ పద్ధతి. మట్టి జాడీలో మొదట స్ట్రాబెర్రీలు, వాటి బరువులో సగం పంచదార, పైన వేలెడు ఎత్తున రమ్. తర్వాత చెర్రీలు, తర్వాత రాస్ప్‌బెర్రీలు... ఏది పండితే అది, అదే లెక్క. పైన ఒక పళ్లెం బోర్లించి పండ్లని లోపలికి అణచిపెట్టాలి. కాపు అయిపోయాక మూసి పెడితే క్రిస్మస్ ముందు రోజుల్లో తెరవొచ్చు. లెక్కలూ లేవు, రోజూ ఊపుడూ లేదు.

లెక్కలపుస్తకం
లెక్కలు లేవని ఎవరన్నారండీ? మీరు పోసే రమ్ ఎంత శాతం?

జాడీలోలోకం
54.

లెక్కలపుస్తకం
అదీ లెక్క. వాళ్లు 54 శాతం రమ్ వాడేది ఊరికే కాదు, ప్రతి పండూ వచ్చి నీళ్లు పోస్తుందని. అదే పని 40 శాతంతో చేస్తే జాడీ పులిసి పొంగొచ్చు.

జాడీలోలోకం
ఒప్పుకున్నాను. నాకు తెలియకుండానే నేను లెక్కల మనిషిని.

నిదానమే
పంచదార ముందా వెనకా అన్న గొడవ ఇక్కడ ఏడాదికోసారి వస్తుంది, ఈసారి నేనే లేవదీస్తున్నాను. వెనకే వేయాలి. ముందే వేస్తే మీ పండు ఎంత తీపిదో, ఎంత పులుపుదో తెలియకుండానే తీపి నిర్ణయమైపోయినట్టు. ఒకసారి వేసింది మళ్లీ తీయలేం.

పోలండ్‌వాళ్ల నలెఫ్కా పద్ధతి చూడండి. మొదట పండ్ల మీద 60, 70 శాతం స్పిరిట్ మాత్రమే పోస్తారు. కొన్ని వారాలకి దాన్ని వంచేసి పక్కన పెడతారు. ఇప్పుడు మిగిలిన పండ్ల మీద పంచదార పోసి ఇంకో వారమో రెండో వదిలేస్తారు. పండు పీల్చుకున్న స్పిరిట్‌ని, మిగిలిన రసాన్ని పంచదార బయటికి లాగుతుంది. పొయ్యి లేకుండానే చిక్కటి పాకం తయారు. రెంటినీ రుచి చూసుకుంటూ కలుపుతారు. లెక్కలపుస్తకం గారు చెప్పిన ఆ 20 శాతం పండు లోపలా ఉంటుంది, వడకట్టి పండు పారేస్తే అంత మందూ పారేసినట్టే. ఈ పద్ధతిలో అది దక్కుతుంది.

95 శాతం స్పిరిట్ దొరికితే లీటరుకి 600 మి.లీ. పైచిలుకు నీళ్లు కలిపితే 60 దగ్గరికొస్తుంది. కలిపాక కొలిస్తే మొత్తం తక్కువగా కనబడుతుంది, కంగారు పడకండి. ఆల్కహాల్, నీరు కలిస్తే కుంచించుకుంటాయి. అర లీటరు, అర లీటరు కలిపినా లీటరు రాదు.

పెరటిగాలి
నిదానమే గారితో నాకు పేచీ ఉంది. స్ట్రాబెర్రీకి పంచదార ముందే బాగు. రెండు మూడు గంటల్లో రసం ఊరుతుంది, స్పిరిట్ త్వరగా పని ముగిస్తుంది, వారంలో వడకట్టేయొచ్చు. స్ట్రాబెర్రీని ఎక్కువ రోజులు ఉంచితే రంగు గోధుమకి తిరుగుతుంది, వాసన ఉడికిన జామ్‌లా అవుతుంది. సీసాకెత్తాక కూడా వెలుతురు తగలనివ్వకండి, దాచుకోకుండా కొన్ని నెలల్లో తాగేయండి. బ్లాక్‌కరెంట్‌కైతే మీ మాటే నెగ్గుతుంది, అది రెండు మూడు నెలలున్నా చెడదు.

తీపి ఎంతన్నది ఇష్టం. ఒక కొలత కావాలంటే, యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం లిక్యూర్ అనిపించుకోవాలంటే మామూలుగా లీటరుకి కనీసం 100 గ్రాముల పంచదార, 15 శాతం ఆల్కహాల్ ఉండాలి. బ్లాక్‌కరెంట్‌తో చేసే క్రెమ్ ద కాసిస్‌కి ఏకంగా 400 గ్రాములు. నాకు 200 దాటితే పళ్లు జివ్వుమంటాయి.

రాత్రిడ్యూటీ
మధ్యలో దూరుతున్నందుకు సారీ. ఇంట్లో చేసిన మందు తాగితే కళ్లు పోతాయంటారు కదా. మీరంతా ఇంత ధీమాగా ఎలా తాగుతున్నారు? నిజంగానే అడుగుతున్నాను.

మడ్డితేట
మంచి ప్రశ్న, సారీ ఎందుకు.

కళ్లు పోయేది మిథనాల్ వల్ల. ఎక్కువ ఘోరాలు జరిగేది ఎవరో పారిశ్రామిక మిథనాల్‌ని మందులో కలిపి అమ్మినప్పుడు. పండ్లు పులిసినప్పుడు కూడా పెక్టిన్ నుంచి కొద్దిగా మిథనాల్ పుడుతుంది, అందుకే తెలిసీ తెలియకుండా సారా బట్టీ పెట్టడం ప్రమాదం. మేం ఇక్కడ పులియబెట్టడమూ లేదు, బట్టీ పెట్టడమూ లేదు. సీలున్న సీసాలో కొన్న మందులో పండ్లు ఊరబెడుతున్నాం. ఊరబెడితే లెక్కలోకి వచ్చేంత మిథనాల్ పుట్టదు.

కాబట్టి జాగ్రత్తంతా మొదటి సీసా దగ్గరే. తాగడానికి తయారైన మందు మాత్రమే, లేబుల్, సీలు సరిగ్గా ఉన్నది మాత్రమే వాడాలి. గాయాలకి రాసే స్పిరిట్, శానిటైజర్, రంగుల దుకాణం స్పిరిట్ చుక్క కూడా వద్దు. 'వడకడితే సరిపోతుంది', 'మరిగిస్తే పోతుంది' అనేవాళ్ల మాట వినకండి. అనుమానం ఉన్నది తాగితే లక్షణాలు 12 నుంచి 24 గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. బాగానే ఉన్నాను కదా అని ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

చాలా దేశాల్లో లైసెన్సు లేకుండా బట్టీ పెట్టడం నేరం. ఊరబెట్టడం, మరీ ముఖ్యంగా అమ్మడం విషయంలో ఎక్కడి రూలు అక్కడిది. మీ దగ్గర ఏముందో చూసుకోండి.

రాత్రిడ్యూటీ
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ధన్యవాదాలు.

అర్ధరాత్రిగరిటె
నాకు ఓపిక తక్కువ. స్పిరిట్‌ని కొంచెం వేడిచేసి పండ్ల మీద పోస్తే మూడు రోజుల్లో అయిపోతుందని ఎక్కడో చదివి, పోయినేడాది చేశాను. చెప్తే పరువు పోతుంది, అయినా చెప్తాను.

గ్యాస్ సన్నమంట మీద గిన్నె, గిన్నెలో 95 శాతం స్పిరిట్. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా కాలేదు. గరిటె అందుకోవడానికి పక్కకి వంగాను. 'బుస్' మని మెత్తటి చప్పుడు, అంతే. పట్టపగలు, మంట కళ్లకి కనబడలేదు. గిన్నె పైన గాలి ఎండాకాలం రోడ్డులా వణుకుతోంది. చెయ్యి వెనక్కి లాక్కునేసరికి ముంజేతి మీద ఒక్క వెంట్రుక లేదు, కమురు వాసన. వెడల్పాటి మూత అందుబాటులో ఉండబట్టి కప్పేశాను, గ్యాస్ కట్టేశాను. నీళ్లు గుమ్మరించి ఉంటే మండుతున్న స్పిరిట్ పొయ్యిగట్టంతా పారేదని తర్వాత చెప్పారు.

లెక్కలపుస్తకం
ప్రాణాలతో రాశారు, సంతోషం. 95 శాతం స్పిరిట్ ఆవిరి సుమారు 17 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, 40 శాతం వోడ్కా 26 దగ్గర. అంటే మామూలు గదిలోనే. స్పిరిట్‌ని మంటకి దగ్గరగా పెట్టొద్దు, పాకం కాచినా పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి పాకం పోస్తే మంట రాకపోయినా వాసనంతా ఆవిరై పోతుంది.

నిదానమే
ఓపిక లేనివాళ్లకి పొయ్యి కాదు, ఫ్రీజర్ ఉంది. పండ్లని ఒక రాత్రి గడ్డకట్టించి తీయండి. లోపలి నీరు మంచు స్ఫటికాలై కణాల గోడలు చీలుస్తుంది, కరిగేటప్పుడు రసం దానంతటదే బయటపడుతుంది. స్లో (వగరుగా ఉండే చిన్న అడవి ప్లమ్) పండ్లని జిన్‌లో ఊరబెట్టేవాళ్లు వెనకటికి మొదటి మంచు పడేదాకా ఆగేవాళ్లు, ఇప్పుడు ఫ్రీజర్ ఆ పని చేస్తోంది. సూదితో ఒక్కో పండూ గుచ్చే బాధ కూడా తప్పుతుంది. కాపు కొంచెం కొంచెంగా వచ్చేవాళ్లు ఫ్రీజర్‌లో పోగేసుకోవచ్చు.

పచ్చికొమ్మ
చెర్రీలు గింజతో వేయొచ్చా? బాదం వాసన వస్తుందని విన్నాను.

పెరటిగాలి
వస్తుంది, ఎందుకు వస్తుందో తెలిస్తే తగ్గిస్తారు. గింజ లోపలి పప్పులో అమిగ్డాలిన్ ఉంటుంది. అది విడిపోయినప్పుడు బాదం వాసనిచ్చే బెంజాల్డిహైడ్‌తో పాటు సయనైడ్ కూడా పుడుతుంది. నేను గింజలు తీసేస్తాను. కొందరు వాసన కోసం కొన్నిటిని వదులుతారు, అలా చేసినా గింజ పగలకూడదు, నెలల తరబడి ఉంచకూడదు. ఎల్డర్‌బెర్రీ అయితే పండనివీ, ఉడికించనివీ, కాడలూ అసలు వద్దు. ఇక కంచె పక్కన పేరు తెలియని నల్ల పండు కనబడితే అది పిట్టలకే వదిలేయండి.

కొత్తసీసా
(మూడు రోజుల తర్వాత)
వడకట్టాను! రాత్రి పదింటికి జల్లెడలో పోసి పడుకున్నాను, నిద్ర పడితేగా. గిన్నెలో చుక్క చుక్క పడుతున్న చప్పుడు వింటూ రెండుసార్లు లేచి చూశాను. పిండాలని చేతులు లాగాయి, మడ్డితేట గారు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. పొద్దున కాఫీ ఫిల్టర్‌లోంచి మళ్లీ పోశాను. మొదటి గ్లాసు బాగానే దిగింది, రెండో గ్లాసుకి ఫిల్టర్ పూడుకుపోయింది, మొత్తం అయ్యేసరికి ఏడు ఫిల్టర్లు. లీటరుకి పావు లీటరు లెక్కన వోడ్కా కలిపాను. ఇప్పుడు కిటికీకి అడ్డంగా పట్టుకుంటే అవతలి చెట్టు ఎర్రగా కనబడుతోంది.

బ్లాక్‌కరెంట్ ఇంకా కారుతూనే ఉంది. మిగిలిన రాస్ప్‌బెర్రీల మీద నిదానమే గారన్నట్టు పంచదార వేశాను. ఆ తర్వాత ఆ పండ్లని ఏం చేయాలి?

మడ్డితేట
ఐస్‌క్రీమ్ మీదికి అద్భుతం, కేకులోకి ఇంకా బాగు. కానీ అవి మందే అని మర్చిపోకండి. చూడ్డానికి మిఠాయిలా ఉంటాయి, పిల్లలు గుప్పెడు తింటే ప్రమాదం. కుక్కలకీ అంతే, చెత్తలో పడేస్తే అవి వెతికి మరీ తింటాయి. డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ పై అరలో లోపలికి, పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. సీసాల మీద కూడా ఏ పండు, ఏ తేదీ, ఎంత శాతం రాయండి. నా దగ్గర 'ఎర్రది' అని మాత్రమే రాసిన సీసాలు నాలుగున్నాయి.

కొత్తసీసా
(రెండు వారాల తర్వాత)
డబ్బా మీద 'మందు పండ్లు' అని పెద్దగా రాసి పై అరలో పెట్టాను. నిన్న చూస్తే సగం ఖాళీ. పిల్లలు కాదు. మా అత్తగారు. 'నా దగ్గు కోసం చేశావనుకున్నానే, రాత్రిపూట నాలుగేసి వేసుకుంటున్నా, నిద్ర కూడా బాగా పడుతోంది' అన్నారు.

లెక్కలపుస్తకం
నవ్వొచ్చింది కానీ ఆవిడ బీపీ, షుగర్ మాత్రలేమైనా వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి. అవి ఏమిటో ఆవిడకి చెప్పేయండి కూడా.

కొత్తసీసా
చెప్పేశాను. బీపీ మాత్ర ఒకటి వాడతారు, డాక్టర్ ఆ పండ్లు మానేయమన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున మాత్రం బ్లాక్‌కరెంట్ జల్లెడ దగ్గర నిలబడి 'ఇదేం దగ్గుకే?' అని అడిగారు.